మూడో గేరు

బొడ్డవర దాటాక మొదటి మలుపు దాకా బాగానే ఉండేది.
రెండో మలుపులో
కాలు పూర్తిగా తొక్కినా
బండి నా మాట వినేది కాదు.
మూడోలోంచి రెండులోకి, రెండులోంచి ఒకటిలోకి.
వెనక నల్లటి పొగ.
పొగలోంచి దగ్గుకుంటూ వచ్చిన ఆటో కుర్రాడు
నన్ను దాటిపోతూ
"మావా, దిగి తొయ్యమంటావేటి?" అనేవాడు.

పదహారేళ్ల పికప్పు.
ఉప్పు బస్తాలు, ఉల్లిపాయలు, బుట్టల్లో ఎండు నెత్తళ్లు.
బుట్టల మధ్య ఎర్రయ్యమ్మ.
కాశీపట్నం పైన ఎత్తు రాగానే
ఎవరూ చెప్పకుండా ఆవిడ దిగి నడిచేది.
బండికంటే ముందు మలుపు తిరిగి
అడ్డపొగ పీలుస్తూ
నాకోసం నిలబడి ఉండేది.

ఘాటీ మహిమ అన్నాను.
డీజిల్లో నీళ్లు కలిపారన్నాను.
ఉప్పు చెమ్మెక్కి బరువైందని
ఒక వానాకాలమంతా నమ్మాను.
పద్దెనిమిది బస్తాలు పదిహేనయ్యాయి, పన్నెండయ్యాయి.
నాలుగింటికి బయల్దేరేవాణ్ణి మూడింటికే లేవడం మొదలెట్టాను.
ఒకేసారి పోయుంటే గొడవ చేసేవాణ్ణేమో.
అది రోజుకింత పోయింది.
నేను రోజుకింత సర్దుకున్నాను.

విశాఖలో తెల్ల చొక్కా మెకానిక్కు
పంపు మొత్తం మార్చాలన్నాడు, నలభై రెండు వేలు.
మా బావమరిది గవరయ్య
"కాటాకేసీ, ఇనుము రేటు బాగుంది" అన్నాడు.

ఎస్.కోటలో సన్యాసాచారి షెడ్డు.
వాళ్ల తాత నాగలి కర్రులు సాగదీసిన కొలిమి
ఇప్పటికీ ఆ మూలే ఉంది,
దానిమీద గ్రీజు డబ్బాలు.
బానెట్ ఎత్తి
పానా ముట్టుకోలేదు ఆచారి.
"రేజ్ సెయ్" అన్నాడు.
"ఇంకా."
"ఊఁ, ఆపీ. ఖాళీగా ఉన్నప్పుడు అందరూ మంచోళ్లే.
బరువెయ్యాల, తెలుస్తాది."

బరువేసి రెండో మలుపు దాకా తీసుకెళ్లాను.
పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు.
నిద్రపోయాడనుకున్నాను.
"ఈల ఏదిరా?" అన్నాడు.
"ఏ ఈల?"

వెనక్కొచ్చాక
టర్బో గొట్టం ఒక మూతికి పాత డబ్బా మూత బిగించి
రెండో మూతికి టైర్ల గాలి పట్టించి
పొడుగూతా సబ్బు నురగ రాశాడు.
అడుగున, క్లిప్పు అంచున,
మన కంటికి ఎప్పుడూ ఆనని చోట
బుడగలు.
బొటనవేలి గోరంత చీలిక.
ఊరికే నిలబడితే పెదాలు మూసుకుంటుంది,
ఎత్తెక్కితే నోరు తెరుస్తుంది.
తాగిన డీజిలంతా గాలి చాలక
పొగై పోయింది ఇన్నాళ్లూ.

"తిత్తికి సిల్లు పడితే
మా తాత బొగ్గుని తిట్టేవోడు కాదు" అన్నాడు,
నావైపు చూడకుండా.

ఫిల్టరు విదిలిస్తే ఘాటీ ఎర్రమట్టి
చిన్న కుప్పయింది.
గొట్టానికి పదకొండొందలు, ఫిల్టరుకి నాలుగొందలు,
పనికి "నీకు తోసింది."
ఎంత తోచాలో తెలీక
రెండు శేర్ల నెత్తళ్లు కూడా ఇచ్చాను.

తర్వాతి సంతకి పద్దెనిమిది బస్తాలు.
రెండో మలుపులో తొక్కాను.
ముందు ఏమీ లేదు, ఒక క్షణం.
తర్వాత సన్నగా,
పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడులా,
ఈల.
ఒకప్పుడు రోజూ విన్నదే.
పోయిన రోజేదో నాకు తెలీదు.

కాశీపట్నం పైన
ఎర్రయ్యమ్మ అలవాటుగా చీర దోపుకుని లేచింది.
బండి ఆగలేదు.
క్యాబిన్ టాపు మీద దబదబా బాదింది.
భయపడి బ్రేకు మీద కాలేశాను.
"ఆపకురా ఎర్రిగుంటడా,
ఆపకు!"

మూడో గేరులోనే అనంతగిరి దాటాం.

సంత స్థలంలో ఎవరూ లేరు.
మంచు. తడి పట్టాలు కట్టిన రాటలు.
టీ కొట్టువాడి పొయ్యి ఇంకా రాజుకోలేదు.
ఎర్రయ్యమ్మ బుట్టలమీదే కునుకు తీసింది.
టైరు మీద వాసన చూసి
కుక్క వెళ్లిపోయింది.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని గంటన్నర.

ఇంకో గంట పడుకోవచ్చు నేను.
అయినా ఈ వారం కూడా
మూడింటికే మెలకువొచ్చింది.